ఉతుకు నుంచి మొదలయ్యే సోఫా కవరు

కనిగిరి ఇళ్ళలో ముందుగది సోఫాలు ఎక్కువగా రెండు రకాలు. చెక్క చట్రం మీద విడివిడిగా స్పంజి దిండ్లు పెట్టుకునేవి కొన్ని, మొత్తం రెక్సిన్‌తోనో గుడ్డతోనో బిగించి కొట్టేసినవి కొన్ని. రెండింట్లోనూ చట్రం చాలా ఏళ్ళు నిలుస్తుంది, ముందు పాడయ్యేది పైపొరే. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరు. ఆ వేడికి, చెమటకి, తలనూనెకి రెక్సిన్ మొదట బిరుసెక్కుతుంది, తర్వాత పగిలి పొట్టు లేస్తుంది. పీవీసీ రకం రెక్సిన్‌ను మెత్తగా ఉంచే పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి పోతుంది. పాలీయురేథేన్ పూత ఉన్నదైతే గాలిలోని తేమకే విడిపోయి రేకులుగా రాలుతుంది. ఒకసారి రాలడం మొదలైతే ఏ జిగురూ దాన్ని ఆపలేదు. అలాగని సోఫా పారేయక్కర్లేదు, ఇంట్లో కుట్టు మిషను ఉంటే కవరు మనమే కుట్టుకోవచ్చు.

కవరు అనగానే రంగు, పువ్వులు, కుచ్చులు గుర్తొస్తాయి. కనిగిరి ప్రాంతంలో మాత్రం ఆలోచన ఉతుకు దగ్గర మొదలవ్వాలి. ఎర్రనేల దుమ్ము రోజూ ఇంట్లోకి వస్తుంది, నీళ్ళు చూస్తే కరువు. సులువుగా ఊడదీసి, కొద్ది నీళ్ళలో ఉతికి, సాయంత్రానికి ఆరబెట్టి మళ్ళీ తొడగగలిగే కవరే ఇక్కడ పనికొస్తుంది. గుడ్డ, దారం, జిప్పు అన్నీ ఈ లెక్కలోనే ఎంచుకోవాలి.

కొలత టేపు తీసేముందు సోఫాను ఒకసారి పరీక్షించండి. చట్రం కింద చెదలు, సందుల్లో నల్లులు ఉన్నాయేమో చూడండి. స్పంజిని అరచేత్తో నొక్కి వదిలితే తిరిగి పైకి లేవాలి. లేవకపోతే దాని మీద ఎంత మంచి కవరు వేసినా గుంట గుంటగానే ఉంటుంది, ముందు స్పంజి మార్చాలి. దిండ్లను మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టకండి. ఎండ తగిలిన స్పంజి పచ్చబడి పొడిపొడి అవుతుంది. నీడలో గాలి తగిలితే చాలు. రెక్సిన్ పొట్టు రాలుతున్న సోఫా అయితే, ఊడిపోయే ముక్కలన్నీ బ్రష్షుతో దులిపేసి, పాత దుప్పటి ఒక పొర పరిచి, దాని మీద కవరు వేయాలి. లేకపోతే ఆ పొట్టు కొత్త గుడ్డకే అంటుకుంటుంది.

గుడ్డ విషయంలో నా మాట ఒక్కటే: నూలు. మామూలు వాతావరణంలో నూలు తన బరువులో 8 శాతం దాకా తేమను పట్టుకుంటుంది, పాలిస్టర్ పట్టేది అర శాతం కూడా ఉండదు. మే నెల మధ్యాహ్నం ఈ తేడా వీపుకి తెలుస్తుంది. సాగే పాలిస్టర్ రెడీమేడ్ కవర్లు చూడ్డానికి బిగువుగా ఉంటాయి గానీ, మన ఎండలకు వాటి మీద గంటసేపు కూర్చోవడం కష్టం. నూలులోనూ చీర, జాకెట్టు గుడ్డలాంటి పల్చటి రకం వద్దు. దళసరిగా, నేత దగ్గరగా ఉన్నది కావాలి. ఆప్కో దుకాణాల్లో దొరికే చేనేత దుప్పట్లు మంచి ఎంపిక. పన్నా పెద్దది కాబట్టి అతుకులు తగ్గుతాయి. పెడన కలంకారీ అచ్చు గుడ్డ ముచ్చటైనదే, కానీ మొదట్లో రంగు వదులుతుంది, విడిగా చన్నీళ్ళలో ఉతకాలి. ఎర్ర దుమ్ము ఊళ్ళో తెలుపు, లేత గోధుమ రంగులు పెట్టుకుంటే ఉతుకుతూనే ఉండాలి. ఇటుక రంగు, ముదురు ఆకుపచ్చ, చిన్న గళ్ళు మరకను ఓర్చుకుంటాయి.

కొన్న గుడ్డను కత్తిరించే ముందే నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. ఈ పని దాటేసేవాళ్ళే ఎక్కువ. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం కుదించుకుపోవచ్చు. 22 అంగుళాల దిండుకి సరిగ్గా కుట్టిన గలీబు అంగుళం తగ్గితే ఇక దిండు లోపలికి దూరదు, దూరినా జిప్పు పడదు.

ఇప్పుడు లెక్క. దిండు 22 అంగుళాల చదరం, మందం 4 అంగుళాలు అనుకుందాం. గుడ్డ పన్నా 54 అంగుళాలు. కుట్టుకి అన్ని వైపులా అరంగుళం వదిలితే పైముక్క, కిందిముక్క ఒక్కోటి 23 అంగుళాలు. రెండూ పన్నాలో పక్కపక్కనే పడతాయి, పక్కన 8 అంగుళాల వెడల్పు ముక్క మిగులుతుంది. దాన్ని నిలువుగా రెండు పట్టీలు చేస్తే వెనకవైపు జిప్పు పట్టీకి సరిపోతుంది. మిగతా మూడు పక్కలకి 5 అంగుళాల వెడల్పు పట్టీలు రెండు అడ్డంగా తీయాలి. మొత్తం 33 అంగుళాలు. కుదింపు కూడా కలుపుకుని దిండుకి ఒక మీటరు పెట్టుకుంటే నిశ్చింత. ముగ్గురు కూర్చునేది ఒకటి, ఒంటి కుర్చీలు రెండు ఉన్న సెట్టులో కూర్చునే దిండ్లు ఐదు, వీపు దిండ్లు ఐదు. అవన్నీ ఇదే కొలతైతే 10 మీటర్లు. పెద్ద పువ్వుల గుడ్డయితే ఇంకాస్త ఎక్కువ కొనాలి, ప్రతి దిండు మధ్యలోకీ పువ్వు రావాలి కదా. పట్టీల అతుకు ముందువైపు రాకుండా పక్కకు పడేట్టు చూసుకోండి.

కుట్టేటప్పుడు ముందు జిప్పు పట్టీ పూర్తిచేయాలి. తర్వాత దాన్ని పక్క పట్టీకి కలిపి చుట్టు చేయాలి. ఆ చుట్టును పైముక్కకి, చివర కిందిముక్కకి కుట్టాలి. ఈ చివరి కుట్టు వేసేముందు జిప్పు సగం తెరిచి ఉంచాలి, లేదంటే కవరు తిరగేయడానికి దారి ఉండదు. మూలల దగ్గర పట్టీకి చిన్న గాటు పెడితే గుడ్డ ముడతపడకుండా తిరుగుతుంది. సూది 16 లేదా 18 నంబరు, కుట్టు కొంచెం పొడుగు. గుడ్డ నూలే అయినా దారం మాత్రం పాలిస్టర్‌దే వాడండి. కూర్చున్నప్పుడు బరువంతా కుట్టు మీదే పడుతుంది, నూలుదారం ముందు తెగుతుంది. లోపలి అంచులు ఓవర్‌లాక్ చేయించకపోతే నాలుగు ఉతుకులకు పీచు లేచిపోతుంది. పైపింగ్ మూలకు బలమే, కానీ మొదటి కవరుకి వద్దనే చెబుతాను. చేయి కుదిరాక వేసుకోవచ్చు.

జాకెట్టు కుట్టగలిగిన వాళ్ళకి ఇది కష్టం కాదు. చంక వంపు లేదు, మెడ లేదు, అన్నీ తిన్నని కుట్లే. బీసీ, ఈడబ్ల్యూఎస్ మహిళలకు ఉచిత కుట్టు శిక్షణను 2025 మార్చి 8న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మార్కాపురం సభలోనే ప్రారంభించారు. అలాంటి శిక్షణలో నేర్చుకున్నవాళ్ళు జాకెట్ల దగ్గరే ఆగకుండా సోఫా కవర్లు కూడా పట్టుకోవాలని నా కోరిక. ఇవి కుట్టేవాళ్ళు తక్కువ, కావలసిన ఇళ్ళు ఎక్కువ.

బిగించి కొట్టిన సోఫాకి కొలతల కాగితం ఒక్కటే చాలదు, దాని వంపులు టేపుకి అందవు. పాత దుప్పటి ముక్కల్ని వీపు, కూర్చునే చోటు, చేతులు, వెనక, ముందు అని విడివిడిగా సోఫా మీదే తిరగేసి పరిచి, గుండుసూదులతో కలిపి, సుద్దముక్కతో గీత గీయాలి. ఆ ముక్కలే మనకు నమూనా. వీపు కిందికి దిగే సందులో 5, 6 అంగుళాల గుడ్డ అదనంగా వదలండి. అది సందులోకి దోపడానికి. లేచి కూర్చున్నప్పుడల్లా పైకి రాకుండా, దోపిన గుడ్డ మీద పీవీసీ పైపు ముక్క ఒకటి సందులోకి నొక్కితే అది పట్టి ఉంచుతుంది. వెనకవైపు నాడాలు కుట్టి ముడేస్తే కవరు ఊడదీయడం ఇంకా తేలిక.

ఉతికేటప్పుడు ముందు ఆరుబయట బాగా దులపండి, సగం మట్టి నీళ్ళ ఖర్చు లేకుండానే పోతుంది. కఠినత్వం ఎక్కువున్న బోరు నీళ్ళలో సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కట్టి గుడ్డను బిరుసు చేస్తుంది. డిటర్జెంటు పొడి కొంత నయం, ఆఖరి జాడింపుకైనా మంచినీళ్ళు దొరికితే మేలు. జిప్పు వేసి, తిరగేసి, నీడలో ఆరేస్తే రంగు నిలుస్తుంది. ఇంకా కాస్త చెమ్మ ఉండగానే దిండుకి తొడిగి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. తడి నూలు కొంచెం సాగుతుంది కాబట్టి ముడతలు వాటంతటవే సర్దుకుంటాయి.

కవరులో మొదట అరిగేది చేతుల ముందుభాగం, తర్వాత కూర్చునే దిండు ముందు అంచు. అందుకే గుడ్డ కొన్నప్పుడే ఒక మీటరు అదనంగా తీసుకుని, కవర్లతో పాటే ప్రతిసారీ దాన్నీ ఉతుకుతూ ఉండండి. మూడేళ్ళ తర్వాత మాటు వేయాల్సి వచ్చినప్పుడు ఆ ముక్క కూడా అంతే వెలిసి, కవరు రంగులో కలిసిపోతుంది.