గాలానికి రాగి తీగ ఎందుకు?

“గాలానికి నైలాన్ దారం కడతారు కదా, అమెరికాలో మా మామయ్య రాగి తీగ కడుతున్నాడేంటి? అది మునిగిపోదా?” అని ఒక అబ్బాయి అడిగాడు. మునిగిపోతుంది. మునగాలనే కడతారు.

వాళ్ల మామయ్య చేపలు పట్టేది మిచిగన్ సరస్సులో. ఆ సరస్సులోకి 1966లో కోహో, మరుసటి ఏడాది చినూక్ అనే సాల్మన్ చేపల్ని తెచ్చి వదిలారు. వీటికి చల్లటి నీళ్లే ఇష్టం. ఎండాకాలంలో పైనీరు వేడెక్కి తేలికవుతుంది కాబట్టి పైనే ఉండిపోతుంది. చల్లటి నీరు అడుగున ఉంటుంది. చేపలూ అక్కడికే దిగుతాయి, ఒక్కోసారి 60, 80 అడుగుల లోతుకి. అంత పెద్ద సరస్సులో అవి ఏ మూల ఉన్నాయో తెలియదు. అందుకని ఒకచోట కూర్చోకుండా, పడవను మెల్లగా నడుపుతూ వెనకాల ఎరను లాక్కెళతారు. దీన్నే ట్రోలింగ్ అంటారు.

చిక్కంతా ఆ లాగడంలోనే ఉంది. గాలి జోరైతే పతంగి పైకి లేచినట్టే, పడవ కదిలేకొద్దీ నీరు దారాన్ని వెనక్కి నెట్టి పైకి లేపుతుంది. నైలాన్ నీటికంటే కాస్తే బరువు. ఆ తోపుడికి అది నిలవలేదు. రాగి నీటికంటే దాదాపు 9 రెట్లు బరువు. తీగ పొడుగునా ఆ బరువే కిందికి లాగుతుంది.

చివర ఒక గుండు కడితే చాలదా? చాలు, అలాగే చేసేవాళ్లూ ఉన్నారు. కానీ గుండు పడవకి దాదాపు కిందే వేలాడుతుంది. ఇంజను చప్పుడుకి బెదిరే చేప అక్కడ ఉండదు. రాగి తీగనైతే వెనక్కి ఎంత దూరమైనా వదలొచ్చు, ప్లేనర్ బోర్డు అనే తేలే పలక కట్టి పక్కకీ పంపొచ్చు.

మరి సీసం రాగికంటే బరువు కదా, అది మేలు కాదా? మంచి ప్రశ్నే. సీసం మెత్తన, చేప గుంజితే తెగుతుంది. అందుకే దాన్ని అల్లిన దారపు తొడుగులో పెట్టి అమ్ముతారు. తొడుగు తేలిక, పైగా లావు. లావైనకొద్దీ నీటి తోపుడు ఎక్కువ. గంటకు 2 నుంచి 2.5 మైళ్ల వేగంలో 100 అడుగుల సీసపు తీగ సుమారు 15 అడుగులు దిగితే, అంతే పొడుగు రాగి తీగ 20కి పైనే దిగుతుంది.

వేగం మారితే ఈ లెక్కా మారుతుంది. రెండువైపులా తీగలు వదిలిన పడవ మలుపు తిరిగినప్పుడు గమనించండి: లోపలివైపు తీగ నెమ్మదించి కిందికి జారుతుంది, బయటివైపుది వేగం పుంజుకుని పైకి లేస్తుంది. ప్రతి మలుపులోనూ లోపలి గాలానికే చేప తగులుతుంటే, చేపలు ఇంకాస్త లోతున ఉన్నాయని అనుకోవచ్చు. నన్నడిగితే ఇంతకంటే చవకైన లోతు కొలత లేదు.

రాగికి ఒక చెడ్డ గుణం ఉంది. కరెంటు తీగని ఒకేచోట మళ్లీ మళ్లీ వంచి చూడండి, పుటుక్కుమంటుంది. గాలపు తీగ సన్నటి పోగులు పేనినదే అయినా, మెలిక పడ్డచోట అంతే. కాబట్టి వదిలేటప్పుడు రీలు మీద బొటనవేలు ఆనించి, తీగ వదులు కాకుండా చూసుకోవాలి. పెద్ద చేప తగిలినా తట్టుకునేలా 45 పౌండ్ల బలమున్న తీగ ఎంచుకోవడం మంచిది. ఎర మాత్రం రాగికి నేరుగా కట్టరు. మధ్యలో కంటికి ఆనని ఫ్లోరోకార్బన్ దారం కొన్ని గజాలు వేస్తారు.

ఇక ఎంత పొడుగు కొనాలి? ఎండలు ముదరకముందు చేప పైనే ఉంటుంది, 100 అడుగులు చాలు. ఆగస్టులో 300 కావాలి. ఒక్కో పొడుగుకి ఒక్కో పెద్ద రీలు, ఖర్చు తక్కువేం కాదు. ఒక్కటే కొనగలిగేవాళ్లు 200తో మొదలుపెట్టి, మిగిలిన సర్దుబాటు పడవ వేగంతో చేసుకోవచ్చు.