ఉమ్మి వేటాడే సాలీడు

కొత్త క్వార్టర్ తాళం చేతికి రాగానే ఇంట్లో అందరం మొదట చేసే పని బూజు దులపడం. హజీరాకు బదిలీపై వచ్చినప్పుడు మేమూ అదే చేశాం. బూజుకర్రను వంటింటి మూలకు ఎత్తేసరికి గోడమీద చిన్న సాలీడు ఒకటి నింపాదిగా నడుస్తోంది. లేత పసుపు ఒళ్లు, దానినిండా నల్ల మచ్చలు, సన్నని కాళ్లపై చారలు. దగ్గరలో దాని గూడు మాత్రం లేదు. వల అల్లని సాలీడు పురుగును ఎలా పట్టుకుంటుంది? ఆ సందేహంతో కర్ర దించేశాం.

అది ఉమ్మే సాలీడు. వీటిలో చాలా దేశాల ఇళ్లలో కనిపించే జాతి పేరు సైటోడిస్ థొరాసికా. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాత్రెయ్ దాన్ని వర్ణించాడు. కాళ్లు వదిలేస్తే ఒళ్లు 3 నుంచి 6 మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజకు అటూ ఇటూ. దాని దగ్గరి బంధువులు మన దేశంలోనూ ఉన్నాయి.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. చాలా సాలీళ్లకు ఎనిమిది కళ్లుంటే దీనికి ఆరే, రెండేసి చొప్పున మూడు జతలు. ఒంటి ముందుభాగం ఎద్దు మూపురంలా పైకి లేచి ఉంటుంది. అసలు రహస్యం ఆ మూపురంలోనే ఉంది. అక్కడ రెండు పెద్ద గ్రంథులున్నాయి. ఒక్కొక్క గ్రంథిలో ముందుభాగం విషాన్ని, వెనుకభాగం జిగురును తయారు చేస్తాయి.

ఈ సాలీడుకు చూపు తక్కువ, నడక నెమ్మది. రాత్రిపూట వేటకు బయలుదేరి, పొడవైన ముందుకాళ్లతో తడుముకుంటూ పోతుంది. పురుగు ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలోకి రాగానే ఒళ్లు బిగించి, రెండు కోరల నుంచీ జిగురు చిమ్ముతుంది. ఆ క్షణంలో కోరలు అటూ ఇటూ ఊగుతాయి. అందుకే జిగురు వంకరటింకర గీతలుగా పడి పురుగును గోడకు అంటించేస్తుంది. ఆరేకొద్దీ అది కుంచించుకుపోయి మరింత బిగుస్తుంది. అప్పుడు సాలీడు దగ్గరికి వెళ్లి కొరుకుతుంది.

2009లో అమెరికాలో రాబర్ట్ సూటర్, గెయిల్ స్ట్రాటన్ అనే శాస్త్రవేత్తలు అతివేగంగా బొమ్మలు తీసే కెమెరాతో దీన్ని చూశారు. కోరలు సెకనుకు 1,700 సార్లకు పైగా ఊగగలవనీ, ఉమ్మడమంతా సెకనులో దాదాపు ముప్పయ్యో వంతులో ముగిసిపోతుందనీ తేలింది. మనం రెప్ప వేయడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది!

తల్లి సాలీడు సంగతి ఇంకా వింత. గుడ్లను పట్టుదారాలతో మూటకట్టి నోట కరుచుకునే తిరుగుతుంది. ఉమ్మాలంటే ముందు ఆ మూటను వదలాలి. అందుకే గుడ్లు మోసే తల్లి అంత తొందరగా ఉమ్మదు. ఫిలిప్పీన్స్‌లో ఉమ్మే సాలీళ్లను వేటాడే ఒక గెంతే సాలీడుకు ఆ సంగతి తెలుసు. మామూలుగా వెనుకనుంచి వచ్చేది కాస్తా, నోట మూట కనిపిస్తే ధైర్యంగా ఎదురుగానే వస్తుంది.

దీనివల్ల మనుషులకు ప్రమాదం లేదు. చిన్న చిన్న పురుగులను, ఇతర సాలీళ్లను తిని బతుకుతుంది. ఈ జాతి ఐరోపా నుంచి మనుషుల సామాన్ల వెంట ఉత్తర అమెరికాకు, న్యూజిలాండ్‌కు కూడా చేరింది. ఏ ఇంట్లోనైనా కుదురుకోగలదు. బూజుకర్ర తగిలితే మిగతా సాలీళ్ల గూడు పోతుంది. దీని వల మాత్రం పోదు, దాన్ని ఒంట్లోనే మోసుకు తిరుగుతుంది కదా!

మూడు నాలుగేళ్లకోసారి పెట్టెలు సర్దుకునే మనకు ఇది బాగా అర్థమవుతుంది. ఊరు, బడి, పక్కింటి స్నేహితులు వెనుకే ఉండిపోతారు. నేర్చుకున్న చదువు, ఇంట్లో మాట్లాడుకునే తెలుగు మాత్రం ఏ లారీలోనూ ఎక్కించనవసరం లేదు, మనతోనే వస్తాయి.

ఈసారి బూజు దులిపేటప్పుడు గోడ మూలలు ఒకసారి చూడండి. మూపురం ఉన్న సాలీడు కనిపిస్తే కాగితం మీదికి ఎక్కించి, బాల్కనీ మూలలో వదలండి. నోట మూట ఉంటే మరీ నెమ్మదిగా.