తడి గుడ్డ మీద ఎర్రటి మరక

కుక్క ఉన్నట్టుండి వెనక్కి తిరిగి తోక మొదట్లో పళ్లతో కొరుక్కుంటుంది. పిల్లి గంటల తరబడి పొట్ట నాక్కుంటూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు బొచ్చు విడదీసి ఒళ్లంతా వెతుకుతారు. గోమార్లేవీ కనిపించవు. వేడి చేసి ఉంటుందిలే అని పెరుగన్నం పెట్టి ఊరుకుంటారు. కంటికి కనబడలేదు కాబట్టి పురుగే లేదనుకోవడం దగ్గరే చాలా ఇళ్లలో నెలలు గడిచిపోతాయి. కుక్కలనీ పిల్లులనీ పట్టే ఫ్లీ అనే గెంతే పురుగు ఎదురుపడటం అరుదు. అది వదిలే ఆనవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉంటాయి, వాటిని చదవడం నేర్చుకోవాలి.

గోమారికి ఎనిమిది కాళ్లు. చర్మాన్ని కరుచుకుని రోజుల తరబడి ఒకేచోట ఉండి, రక్తం తాగి ఉబ్బుతుంది కాబట్టి నిమిరితే వేలికి తగులుతుంది. ఫ్లీకి కాళ్లు ఆరు. ముదురు గోధుమరంగు, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు. రెండు పక్కల నుంచీ నొక్కినట్టుండే పలచటి ఒళ్లు కావడంతో వెంట్రుకల మధ్య నుంచి ఇట్టే జారుకుంటుంది. రెక్కలు లేవు గానీ దూకితే మాత్రం దాన్ని పట్టుకోలేం. రెసిలిన్ అనే సాగే ప్రొటీన్‌లో శక్తిని దాచుకుని ఒక్కసారిగా వదులుతుంది. ఆ దూకుడులో నేలను తన్నేది కాలిలోని ఏ భాగం అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య నలభై ఏళ్లకు పైగా నడిచింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ సటన్, మాల్కమ్ బరోస్ అతివేగపు కెమెరాలతో చిత్రీకరించి, అది కాలి కింది భాగంతో, పాదంతో తన్నుతుందని 2011లో తేల్చారు.

ఇక ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష. పాత తెల్లగుడ్డ తడిపి, పిండి, నేల మీద పరవండి. కుక్కను దాని మీద నిలబెట్టి, సన్న పళ్ల పేల దువ్వెనను చర్మానికి ఆనించి నడుము నుంచి తోక మొదలు దాకా దువ్వండి. తర్వాత పొట్ట కింద, తొడల లోపలి వైపు. పిల్లికైతే మెడ చుట్టూ, గడ్డం కింద కూడా. బరకగా దంచిన మిరియాల పొడిలా నల్లటి నలుసులు రాలతాయి. మట్టి రేణువైతే తడిలో మట్టిలాగే ఉంటుంది. ఫ్లీ రెట్ట అయితే కాసేపట్లోనే నలుసు చుట్టూ ఎరుపు కలిసిన గోధుమరంగు మరక పాకుతుంది. ఆ మరక మీ కుక్క రక్తమే. ఫ్లీ తాగిన రక్తంలో చాలా భాగం సరిగా అరగకుండానే బయటికి వచ్చేస్తుంది. ఎండి కిందికి రాలిన ఆ రక్తమే దాని లార్వాలకు ఆహారం. రక్తం పీల్చేంత నోరు వాటికింకా ఉండదు, తల్లి రెట్ట తినే అవి పెరుగుతాయి.

దువ్వినా ఏమీ రాలకపోతే? అప్పుడూ అనుమానం వదలకూడదు. పిల్లులు నాక్కుని నాక్కుని పురుగుల్నీ రెట్టనూ కూడా మింగేస్తాయి. పైగా కొన్ని జంతువులకు ఫ్లీ లాలాజలం పడదు. అలాంటి వాటికి ఒకటి రెండు కాట్లు చాలు, పురుగు పోయాక కూడా రోజుల తరబడి దురద తగ్గదు. కుక్కకు నడుము వెనక, తోక మొదట్లో, తొడల వెనక జుట్టు ఊడి, చర్మం ఎర్రబడి, ఒక్కోసారి చెమ్మగిల్లిన పుండు పడుతుంది. పిల్లిని మెడ మీద, వీపు మీద నిమిరితే చేతికి సన్నటి పొక్కులు గరుగ్గా తగులుతాయి. కుక్క చెవులూ పాదాలూ మాత్రమే గోక్కుంటూ, నడుము జోలికి పోకపోతే ముందు వేరే కారణం వెతకడం మంచిది.

మరో గుర్తు తోక కింద ఉంటుంది. మలద్వారం దగ్గరి వెంట్రుకలకు గానీ, పడుకునే గుడ్డకు గానీ బియ్యపు గింజంత తెల్లటి ముక్కలు అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు. తాజావైతే కదులుతాయి కూడా. ఈ బద్దెపురుగు గుడ్లను ఫ్లీ లార్వా తింటుంది. అది పెరిగి పెద్దదయ్యాక, ఒళ్లు కొరుక్కుంటూ కుక్క దాన్ని మింగుతుంది. కుక్కతో ఆడుకునే చిన్నపిల్లలు పొరపాటున ఫ్లీని మింగినా ఇదే బద్దెపురుగు సోకుతుంది. అందుకే ఫ్లీలను వదిలేసి బద్దెపురుగుల మందు ఎన్నిసార్లు వేసినా సమస్య తిరగబెడుతుంది.

ఇంట్లోవాళ్ల చీలమండల దగ్గర గుంపులుగా లేచే దురద దద్దుర్లనూ లెక్కలోకి తీసుకోండి. నెలల తరబడి తాళం వేసిన ఇల్లు తెరవగానే కాళ్లకు కాట్లు పడటానికీ ఫ్లీలే కారణం కావచ్చు. లార్వా గూడు కట్టుకుని ప్యూపాగా మారి నెలల తరబడి లోపలే కాచుకుని ఉంటుంది. అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ తగలగానే పురుగు బయటికొస్తుంది. ఆడ ఫ్లీ రోజుకు నలభై యాభై గుడ్ల దాకా పెట్టగలదు. పేను ఈపిలా ఆ గుడ్డు వెంట్రుకకు అంటుకోదు, జంతువు పడుకున్న చోటల్లా రాలిపోతుంది. ఒక ఇంట్లోని ఫ్లీ సంతతిలో జంతువు ఒంటి మీద కనిపించేది ఇంచుమించు ఇరవయ్యో వంతే. మిగతాదంతా సోఫా సందుల్లో, చాప కింద, వరండా నీడన ఉన్న మట్టిలో గుడ్లుగా, లార్వాలుగా, ప్యూపాలుగా ఉంటుంది. లార్వాలు వెలుతురుకు దూరంగా పోతాయి, పొడిగాలికి చచ్చిపోతాయి. కాబట్టే గాలిలో తేమ ఉండే వానాకాలం, కోస్తా వాతావరణం వాటికి బాగా అనుకూలం.

కుక్కపిల్లల, పిల్లికూనల విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లబారితే ఒంట్లో రక్తం తగ్గిపోయినట్టే. ఫ్లీలు ఎక్కువైతే అంత చిన్న ప్రాణాలు నిలవకపోవచ్చు. అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఆనవాళ్లు దొరికాక ఇంట్లోని కుక్కలన్నిటికీ పిల్లులన్నిటికీ ఒకేసారి వైద్యం చేయించాలి. పడక గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి. మూలలూ సందులూ రోజూ శుభ్రం చేయాలి. ప్యూపాల మీద మందులు పెద్దగా పనిచేయవు, అందువల్ల రెండు మూడు నెలలు ఓపిక పట్టక తప్పదు. కిరోసిన్, ఫినాయిల్ ఒంటికి రాయడం పాత అలవాటే అయినా చాలా ప్రమాదం. అవి చర్మాన్ని కాలుస్తాయి, నాక్కున్నప్పుడు కడుపులోకి పోతాయి. కుక్క కోసం కొన్న మందు మిగిలింది కదా అని పిల్లికి అస్సలు వేయకండి. కుక్కల మందుల్లో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్‌ను పిల్లి శరీరం విచ్ఛిన్నం చేసుకోలేదు, వణుకు, మూర్ఛ వచ్చి పిల్లి చనిపోవచ్చు.