ఎండ ఉన్నా ఆగిపోయే పెట్టె

సింగరాయకొండ చుట్టుపక్కల ఊళ్లలో ఇన్వర్టర్ కొత్త వస్తువేమీ కాదు. కరెంటు పోతే బ్యాటరీ మీద రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు నడిపే పెట్టె. డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకున్నాక గోడకు బిగించే ఇన్వర్టర్ మాత్రం వేరే జాతిది. కరెంటు పోతే ఇది కూడా ఆగిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం, నెత్తిన మూడు కిలోవాట్ల పలకలు పెట్టుకుని, "ఎండ ఇంత మండుతుంటే ఫ్యాను తిరగదేంది?" అని నిలదీసే పెద్దాయన్ని తప్పుపట్టలేం. ఆయన కొనుక్కున్న యంత్రం స్వభావం ఎవరూ ఆయనకు విప్పి చెప్పలేదు.

పలకల కథ అందరికీ తెలిసిందే. 1954 ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ కలిసి చూపించిన సిలికాన్ సెల్ ఎండలో ఆరు శాతాన్ని కరెంటుగా మార్చింది. నాలుగేళ్లకు అది వాన్‌గార్డ్ ఉపగ్రహం ఎక్కి అంతరిక్షానికి వెళ్లింది. వీధి స్తంభం దగ్గరికి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. పలక ఇచ్చేది ఒకే దిశలో పారే డీసీ. స్తంభం మీద ఉన్నది సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగే ఏసీ. డీసీని సెకనుకు వేల సార్లు తెంపి, అతికి, ఆ ముక్కలతో నున్నటి ఏసీ అలను తయారుచేయాలంటే చురుకైన స్విచ్ కావాలి.

ఆ స్విచ్‌లలో ముఖ్యమైన ఐజీబీటీ వెనుక మద్రాసులో పుట్టి, మద్రాస్ ఐఐటీలో చదివిన బి.జయంత్ బాలిగా ఉన్నారు. 1980ల మొదట్లో ఆయన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ దాన్ని రూపొందించారు. మోటార్ల వేగాన్ని అదుపుచేయడానికి పుట్టిన ఈ పరికరం రైలింజన్లలోకీ, సోలార్ ఇన్వర్టర్లలోకీ పాకింది. ఆయనకు 2024లో ఫిన్లాండ్ వారి మిలీనియం టెక్నాలజీ బహుమతి వచ్చింది. మన పత్రికల్లో ఆయన పేరు ఇంకాస్త ఎక్కువగా కనబడాల్సింది.

ఇళ్ల మీది పలకలను లైనుకు కలిపే పని 1980లలో ఊపందుకుంది. 1987లో మార్కుస్ రియాల్ అనే ఇంజనీరు స్విట్జర్లాండ్‌లో 333 ఇళ్ల కప్పుల మీద తలా మూడు కిలోవాట్ల పలకలు పెట్టే పథకం మొదలుపెట్టాడు. విచిత్రంగా మన ఊళ్లలో ఇప్పుడు ఎక్కువగా పెడుతున్న సైజూ అదే. 1995లో జర్మనీ కంపెనీ ఎస్ఎంఏ తెచ్చిన 'సన్నీ బాయ్'తో ఇన్వర్టర్ ఇంటి గోడకు తగిలించే చిన్న పెట్టె అయింది.

ఇక స్వభావం సంగతి. సాగుతున్న కోలాటంలోకి కొత్తగా దూరేవాడు ముందు కర్రల దెబ్బ చూసుకుని, ఆ లయకు తన కర్ర కలుపుతాడు. ఈ పెట్టె పద్ధతీ అంతే. ముందు లైను ఊపును గమనిస్తుంది, సరిగ్గా ఆ ఊపుకే తన అలను జతచేస్తుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైను కలిసేదాకా దక్షిణాది గ్రిడ్‌కు తనదంటూ వేరే లయ ఉండేది. ఆ రోజు నుంచి సింగరాయకొండ స్తంభం, అస్సాం స్తంభం ఒకే ఊపుతో ఊగుతున్నాయి. గోడ మీది పెట్టె కూడా ఆ లెక్కన దేశంలోని పెద్ద జనరేటర్లన్నిటికీ జతగాడే.

లైను చచ్చిందని తెలియగానే రెండు సెకన్లలోపు తప్పుకోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనలు చెబుతున్నాయి. ఎందుకంటే ఆ సమయంలో లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉండొచ్చు. సబ్‌స్టేషన్‌లో ఆపించి వచ్చానన్న ధైర్యంతో తీగ పట్టుకున్న మనిషికి ఏదో డాబా మీది నుంచి కరెంటు ఎదురు రాకూడదు. లైను తిరిగొచ్చాక కూడా కనీసం అరవై సెకన్లు అది నిలకడగా ఉందని చూశాకే పెట్టె మళ్లీ కలుస్తుంది. ఫ్యాను ఆగిన చిరాకు కన్నా ఆ మనిషి ప్రాణం పెద్దది కాబట్టి ఈ కట్టడి సబబే.

పల్లెల్లో అసలు తలనొప్పి ఇంకొకటి. కరెంటు బయటికి పారాలంటే పెట్టె తన వోల్టేజీని లైను కన్నా కాస్త పైకెత్తాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, సన్నటి తీగ చివర ఉన్న ఇల్లయితే ఆ ఎత్తడం మరీ ఎక్కువవుతుంది. మధ్యాహ్నం వాడకం తక్కువ, ఎండ ఎక్కువ. 230 మీద పది శాతం, అంటే 253 వోల్టులు దాటగానే పెట్టె తనంతట తానే విడిపోతుంది. యూనిట్లు పండాల్సిన గంటల్లోనే ఉత్పత్తి సున్నా. పలకలు మంచివే, ఎండ మంచిదే, తీగ సన్నది. చాలామంది పలకల బ్రాండు గురించి గంటలు వాదించి తీగ సంగతి అడగరు.

సింగరాయకొండ ఉన్నది సుమారు పదిహేను డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. అందుకే పలకలు దక్షిణానికి తిప్పి, పదిహేను డిగ్రీల వాలు పెడితే సరిపోతుంది. కిలోవాటుకు దాదాపు వంద చదరపు అడుగుల చోటు, సగటున రోజుకు నాలుగు యూనిట్లు. వేసవిలో ఇంకా దంచుతుందనుకుంటే పొరపాటు. పలకల సామర్థ్యం కొలిచేది 25 డిగ్రీల దగ్గర. వడగాలిలో సెల్ 60 దాటితే పదోవంతు పైగానే నష్టం. సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలికి ఇనుప చట్రం తుప్పు పడుతుంది, జింకు పూత మందంగా ఉండాలి. తుపాను సంగతి చెప్పక్కర్లేదు, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ ఇంకా గుర్తుండే ఉంటుంది. బోల్టుల మీద పొదుపు పనికిరాదు. చట్రాన్ని ఏడెనిమిది అడుగులు లేపితే కింద మంచం వేసుకోవచ్చు కానీ ఆ నీడలో మిరపకాయలు ఎండవు. ఇంట్లో ఆడవాళ్లను అడగకుండా డాబా మొత్తం కప్పేసేవాళ్లు సంక్రాంతి తర్వాత ఆ తగువు ఎదుర్కోక తప్పదు.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు కేంద్రం రూ.78,000 సబ్సిడీ ఇస్తోంది. అయితే సెల్స్ మన దేశంలో తయారైనవే అయ్యుండాలి. లైను పోయినా ఫ్యాను తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. అప్పుడు పెట్టె ముందు ఇంటిని స్తంభం నుంచి విడదీసి, తర్వాతే తన సొంత లయ మొదలుపెడుతుంది. ఖర్చు బాగా పెరుగుతుంది. రోజూ గంటల తరబడి కోతలున్న ఊరైతే తప్ప అది గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. అడ్వాన్సు ఇచ్చేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఎండగా ఉన్న రెండు మూడు మధ్యాహ్నాలు మీటరు దగ్గర వోల్టేజీ చూపించమనండి. 245 దాటి కనబడితే ముందు లైను సంగతి డిస్కంలో మాట్లాడి, పలకలు తర్వాత కొనండి.