చిన్న స్టేషను నుంచి దూర ప్రయాణం: టికెట్టు వెనుక ఉన్న లెక్క

ప్రవేశ పరీక్షకు, ఉద్యోగపు ఇంటర్వ్యూకు, వైద్యానికి, శుభకార్యానికి, ఏ పనికైనా దూర ప్రాంతాలకు పోవలసి వచ్చినప్పుడు మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సామాన్యులు ఆశ్రయించేది రైలునే. కాని ఒక్కొక్కప్పుడు సికింద్రాబాదు వాసికి బెర్తు దొరికిన రైలులోనే, ఆ రోజుననే, నల్లగొండ వాసికి గాని, గద్వాల వాసికి గాని దొరకదు. చాలామంది దీనిని అదృష్టానికి వదలివేస్తారు. నిజానికి ఇది అదృష్టానికి సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది. ఆ లెక్కను విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నిజాం కాలపు రైల్వే వారు 1916లో సికింద్రాబాదు నుంచి గద్వాల వరకు మీటరు గేజి దారిని వేసినారు. అది 1990ల దశకంలో బ్రాడు గేజిగా మారినది. నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా గుంటూరు వైపు పోయే బీబీనగరు - నడికుడి మార్గం 1989లో పూర్తి అయినది. నేడు నల్లగొండ మీదుగా ఫలక్‌నుమా, విశాఖ, నారాయణాద్రి, శబరి ఎక్స్‌ప్రెస్‌లు, మహబూబ్‌నగర్ మీదుగా వెంకటాద్రి, కాచిగూడ నుంచి బెంగుళూరు వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లు నడుస్తున్నవి. అయితే ఈ రైళ్లలో ఏదియు మన స్టేషన్లలో బయలుదేరేది కాదు. మన ఊళ్లు వాటికి దారిలో తగిలే ఊళ్లు మాత్రమే. సమస్యకు మూలం ఇచ్చటనే ఉన్నది.

కంప్యూటర్లు రాక పూర్వం చిన్న స్టేషను ప్రయాణికుడు దరఖాస్తు ఇస్తే, స్టేషను మాస్టరు బెర్తుల కోటా ఉన్న పెద్ద స్టేషనుకు తంతి పంపేవాడు. జవాబు వచ్చేదాక ఎదురుచూడవలసిందే. 1980ల మధ్యలో ఢిల్లీలో ఆరంభమైన కంప్యూటరు రిజర్వేషను క్రమంగా దేశమంతటా వ్యాపించినది. 2002 నుంచి ఇంటర్నెట్టు ద్వారా కూడ టికెట్లు దొరుకుతున్నవి. తంతి పోయినది గాని, కోటా పోలేదు.

కోటా అనగా వాటా. సాగరు ఎడమ కాలువ కింద సేద్యం చేసే మిర్యాలగూడ రైతులకు దీనిని వేరుగా చెప్పనక్కర లేదు. పై భూములకు ఇంత, చివరి భూములకు ఇంత అని నీటిని వంతులు వేసినట్లే, రైలులోని బెర్తులను కూడ స్టేషన్ల వారీగా వంతులు వేస్తారు. రైలు బయలుదేరే స్టేషనుకు, దాని సమీప స్టేషన్లకు ఎక్కువ భాగం కేటాయిస్తారు. దీనిని జనరల్ కోటా అంటారు. దారిలోని కొన్ని ముఖ్య స్టేషన్లకు రిమోట్ లొకేషన్ కోటా అని కొద్ది బెర్తులుంటవి. అనేక చిన్న స్టేషన్లకు కలిపి ఉమ్మడిగా ఇచ్చేది పూల్డ్ కోటా. వెయిటింగు లిస్టు టికెట్టు మీద సంఖ్యకు ముందు ముద్రించే జి.ఎన్., ఆర్.ఎల్., పి.క్యూ. అను అక్షరాలు ఈ మూడింటికి గుర్తులు.

ఈ అక్షరాలను చదవడం నేర్చిన విద్యార్థి సగం చిక్కు విప్పుకొన్నట్లే. జనరల్ కోటాలో బెర్తులు ఎక్కువ గనుక, రద్దయ్యే టికెట్లు కూడ ఎక్కువగా ఉంటవి. అందుచేత జి.ఎన్. వరుసలో ఇరవయ్యవ సంఖ్యవానికి బెర్తు దొరకవచ్చును. పది బెర్తులే ఉన్న చిన్న కోటాలో ఎందరు రద్దు చేసికొంటారు? కనుక ఆర్.ఎల్., పి.క్యూ. వరుసలలో ఐదవ సంఖ్య కూడ నమ్మదగినది కాదు. సంఖ్య చిన్నదని సంతోషించక, అది ఏ వరుసలోని సంఖ్యయో చూడవలెను.

దీనికి నియమాల లోపలనే ఒక ఉపాయం కలదు. నల్లగొండ నుంచి వెయిటింగు లిస్టు, సికింద్రాబాదు నుంచి బెర్తు ఖాళీ అని కనిపించినప్పుడు, టికెట్టును సికింద్రాబాదు నుంచి తీసికొని, ఎక్కే స్టేషనుగా నల్లగొండను నమోదు చేయించవచ్చును. అట్లే కాచిగూడలో బయలుదేరే రైలుకు మహబూబ్‌నగర్‌ను గాని, గద్వాలను గాని వ్రాయించవచ్చును. ప్రయాణం చేయని దూరానికి కూడ చార్జీ చెల్లించవలసి ఉంటుంది. అయితే ఎక్కే స్టేషనును తప్పక నమోదు చేయించవలెను. లేనిచో సికింద్రాబాదులో ప్రయాణికుడు రాలేదని తలచి, టికెట్టు కలెక్టరు ఆ బెర్తును మరొకరికి ఇచ్చివేయవచ్చును. తిరుగు ప్రయాణంలో కూడ సికింద్రాబాదు వరకు టికెట్టు తీసికొని నల్లగొండలో దిగవచ్చును. మిగిలిన దూరపు డబ్బు మాత్రం తిరిగి రాదు.

తేదీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 120 దినాల నుంచి 60 దినాలకు తగ్గినది. 1997లో ప్రవేశపెట్టిన తత్కాల్ టికెట్లు ప్రయాణానికి ఒక దినం ముందు, ఏ.సి. తరగతులకు ఉదయం 10 గంటలకు, మిగిలిన వాటికి 11 గంటలకు ఇస్తారు. ఆ దినాన్ని లెక్కించేది రైలు తొలి స్టేషనులో బయలుదేరే తేదీని బట్టి. మన ఊరికి వచ్చే తేదీని బట్టి కాదు. తొలి స్టేషనులో 9వ తేదీ రాత్రి బయలుదేరిన రైలు అర్ధరాత్రి దాటి 10వ తేదీన మన ఊరికి వస్తే, తత్కాల్ టికెట్టుకు 8వ తేదీననే సిద్ధపడవలెను. 2025 జులై నుంచి ఇంటర్నెట్టులో తత్కాల్ టికెట్టు తీసికొనుటకు ఆధార్ ధ్రువీకరణ కావలెను. బెర్తు ఖాయమైన తత్కాల్ టికెట్టును రద్దు చేసికొంటే డబ్బు తిరిగి ఇవ్వరు.

విద్యార్థులు ఎరుగని సౌకర్యాలు కూడ ఉన్నవి. స్వగ్రామానికి పోవుటకును, విద్యాయాత్రలకును రెండవ తరగతి, స్లీపరు చార్జీలలో 50 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు 75 శాతం రాయితీ కలదు. పట్టభద్ర స్థాయి వరకు బాలికలకును, పన్నెండవ తరగతి వరకు బాలురకును, అందులో మదర్సా విద్యార్థులకు కూడ, ఇంటికి, విద్యాలయానికి మధ్య రెండవ తరగతి నెలవారీ పాసు ఉచితం. వీటికి విద్యాలయ అధిపతి ధ్రువపత్రం కావలెను. కళాశాల కార్యాలయం ఈ పత్రాలను సకాలంలో ఇచ్చే ఏర్పాటు చేస్తే ఎందరో పేద విద్యార్థులకు మేలు కలుగుతుంది.

ఇక అందరూ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఒక రైలు ఒక స్టేషనులో ఆగవలెనా, వద్దా అని తేల్చేటప్పుడు రైల్వే వారు అచ్చటి టికెట్ల రాబడిని చూస్తారు. టికెట్టు లేక ఎక్కినవాడు ఆ లెక్కలో లేడు. పైన చెప్పిన ఉపాయంతో సికింద్రాబాదు పేరిట టికెట్టు కొన్నవాని వలన కూడ మన ఊరి లెక్క తక్కువగా కనిపించే అవకాశం ఉన్నది. వలస పోయే పాలమూరు కూలీ జనరల్ పెట్టెకు కొనే టికెట్టు ఈ విధంగా ఊరికి చేసే ఉపకారమే. కనుక ఆ ఉపాయాన్ని అవసరానికి మాత్రమే వాడి, మిగిలిన వేళల మన స్టేషను పేరిటనే టికెట్టు కొనడం మంచిది.

వ్యక్తిగత ఉపాయం ఒకరికి బెర్తు ఇస్తుంది. కోటా పెరిగితే ఊరందరికీ దొరుకుతుంది. మహబూబ్‌నగర్ హైదరాబాదు డివిజనులో ఉన్నది. ప్రతి డివిజనుకు రైల్వే వినియోగదారుల సలహా సంఘం కలదు. సెలవులకు ముందు ఎందరు విద్యార్థులు ఏ రైలులో, ఎచ్చటికి పోతున్నారో, ఎందరికి బెర్తు దొరకలేదో కళాశాల కమిటీ ఒక పట్టికగా వ్రాయించి ఆ సంఘానికి పంపితే, వట్టి ఫిర్యాదు కంటె దాని విలువ ఎక్కువ. కోటా లెక్కతో పుట్టినది. దానిని పెంచమని కోరేవారు కూడ లెక్కతోనే పోవలెను. ఆ పట్టిక వ్రాసే పనికి మన విద్యార్థులే ముందుకు రావలెనని నా ఆకాంక్ష.