వంశచరిత్ర పరిశోధనకు బాప్తిస్మ దాఖలాలు: గుంటూరు, ఒంగోలు ప్రాంతాల పరిశీలన

ఉపోద్ఘాతం

స్కాట్లండులో పూర్వికుల జాడ వెదికేవారికి ప్రధానాధారం పాత పారిష్ రిజిస్టర్లు. 1855లో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు మొదలయ్యేవరకు ఆ పని స్కాట్లండ్ చర్చి చేసింది. లభించినవాటిలో అన్నిటికంటె పాతది 1553 నాటి ఎరల్ పారిష్ రిజిస్టరు. బిడ్డ పేరు, తండ్రి పేరు, చాలాచోట్ల తల్లి పుట్టింటి పేరు వాటిలో కనిపిస్తాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఇటువంటి ఆధారం ఎవరికి ఉన్నది, దానిని ఎట్లా చదవాలి అన్నది ఈ వ్యాస విషయం.

లిఖిత చరిత్రలో పేరు లేనివారు

ఈ ప్రాంత గ్రామచరిత్రకు కైఫీయతులు ముఖ్యాధారం. వాటిని సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లండులోని స్టోర్నవేలో జన్మించినవాడే. కైఫీయతులలో కరణాలు, జమీందారులు, అగ్రహారీకులు పేర్లతో కనిపిస్తారు. రైత్వారీ లెక్కలలో పట్టాదారులుంటారు. రైతు కులాల గోత్రాలు, ఇంటిపేర్లు పిచ్చుకుంట్లవారి నోట నిలిచాయి. భూమి లేని మాల, మాదిగ కుటుంబాల వ్యక్తుల పేర్లు వీటిలో అరుదు. ఈ లోటును కొంతవరకు తీర్చగలవి మిషను రిజిస్టర్లు.

మిషన్ల నేపథ్యం

1842లో హయ్యర్ గుంటూరులో లూథరన్ మిషను ప్రారంభించాడు. ఒంగోలులో 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అమెరికన్ బాప్టిస్టు సంఘం ఏర్పడింది. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ కులజుడు యెర్రగుంట్ల పేరయ్య అక్కడి తొలి విశ్వాసులలో ప్రముఖుడు. 1876-78 కరువు అనంతరం, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పుడు ఒంగోలు మిషనుకు నాయకుడు జాన్ ఎవరెట్ క్లౌ.

పఠన పద్ధతి

మొదటిది, సంప్రదాయ భేదం. లూథరన్లు శిశువులకు బాప్తిస్మమిస్తారు. కనుక ఆ తేదీ సాధారణంగా జననకాలానికి చేరువగా ఉంటుంది. బాప్టిస్టులు విశ్వాసం ప్రకటించినవారికే ఇస్తారు. కాబట్టి 1878 నాటి నమోదును బట్టి జననసంవత్సరం నిర్ణయించడం పొరపాటు. స్కాట్లండు పద్ధతిని యథాతథంగా ఇక్కడ అన్వయించరాదు.

రెండవది, పేర్ల మార్పు. పేరయ్య వంటి తెలుగు పేర్ల పక్కన తరువాతి తరాలలో బైబిలు పేర్లు చేరాయి. ఒకే పేరు గలవారు ఒక ఊరిలో పలువురుండవచ్చు. ఇంటిపేరు, ఊరు, బంధుత్వం మూడూ కలిసినప్పుడే ఇద్దరిని ఒకరిగా గుర్తించాలి. ఇంగ్లీషు లిపిలో తెలుగు పేర్ల వర్ణక్రమం నిలకడగా ఉండదు కనుక పేర్లను ఉచ్చారణను బట్టి కూడా వెదకాలి.

మూడవది, పాలనా సరిహద్దులు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలో, గుంటూరు కృష్ణా జిల్లాలో ఉండేవి. ప్రకాశం ప్రాంతం 1970లోనే ప్రత్యేక జిల్లా అయింది. ప్రభుత్వ పత్రాలను ఆయా కాలాల జిల్లాల కింద వెదకాలి.

నైతిక బాధ్యత

1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఆ హోదా వర్తించదు. అందువలన తాతముత్తాతల బాప్తిస్మ నమోదు జీవించి ఉన్నవారి కులధ్రువీకరణ వివాదానికి సాధనం కాగలదు. ఒక పూర్వికుని దాఖలా నేటి వ్యక్తి మతాన్ని నిరూపించదు. జీవించి ఉన్న కుటుంబాల వివరాలను వారి సమ్మతి లేకుండా ప్రచురించరాదు.

ముగింపు

స్కాట్లండులో పారిష్ రిజిస్టరు తక్కిన ఆధారాలతో పాటు ఒకటి. గుండ్లకమ్మ తీరాన పలు కుటుంబాలకు ఒక ముత్తాత పేరు తొలిసారి కాగితం మీద కనిపించే చోటు అదే కావచ్చు. శిథిలమవుతున్న పుటలను భద్రపరచడం, మౌఖిక వంశగాథలతో సరిపోల్చడం పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.