పొలం కింద గ్యాస్ పైపు ఉందా? కుంట తవ్వేముందే చూసుకోండి

ఐదంచెల పంటకు భూమి కొనేవాళ్లు నన్ను మట్టి గురించి, నీళ్ల గురించి అడుగుతారు. కింద పైపులైన్ ఉందా అని మాత్రం అడగరు.

చమురు, గ్యాస్ పైపులకు 1962 నాటి కేంద్ర చట్టం ఉంది. భూమి రైతు పేరునే ఉంటుంది, పైపు వేసే హక్కు కంపెనీకి పోతుంది. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి, కుంట తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. అంటే మామిడి, కొబ్బరి పక్కకి జరగాల్సిందే. ముందునుంచీ వేసే వరి, అపరాలు వేసుకోవచ్చు.

మరి ఎక్కడ చూడాలి? పీఎన్‌జీఆర్‌బీ వెబ్‌సైట్‌లో దేశం మొత్తం గ్యాస్ లైన్ల మ్యాప్ ఉంది. అది లైన్ ఎటు పోతుందో చెబుతుంది గానీ, మీ గట్టు ఎక్కడో చెప్పదు. దానికి కేంద్ర గెజిట్ చూడాలి. 3వ సెక్షన్ నోటిఫికేషన్‌లో ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. ఈ-గెజిట్ సైట్‌లో ఉచితం. వెతికే పద్ధతి పైన వీడియోలో చూపించాను.

కొత్త లైన్ అయితే 21 రోజుల్లోపు అభ్యంతరం రాసివ్వాలి. భూమి మార్కెట్ విలువలో 10 శాతం, దాంతోపాటు పంట, చెట్ల నష్టం ఇవ్వాలి.

2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఊళ్ల మధ్య పోయే లైన్ ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసింది.

గట్ల మీద మార్కర్లు కనిపిస్తే రెండింటి మధ్యా పైపు తిన్నగా ఉందనుకోవద్దు, మధ్యలో వంపు ఉండొచ్చు. దానిమీదున్న నంబరుకి ఫోన్ చేయండి. వాళ్లొచ్చి చూపించాకే జేసీబీని పిలవండి.